వదలని తెడ్డు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే మనిషికి కొంచెమైనా తల నెరిసుండాల. నాకింకా ముప్పై నిండలేదు. నెరిసే శ్రమ ఎందుకని ముందర జుట్టు తనంతట తానే రాలిపోతోంది, అంతే. అయినా ఆ మాట వాడుకునే హక్కు నాకుందనే అనుకుంటాను. ఎందుకంటే ఆ రోజుల్లో నా పేరు పెట్టుకుని తిరిగిన ఆ పిల్లోడు ఇప్పుడు ఎదురుపడితే, నేను మెల్లగా పక్క వీధిలోకి తిరుక్కుంటాను. వాడికి ఈత రాదు. నదిని చూసింది లేదు. కోలారు జిల్లాలో పుట్టినవాడు గనక వాడికి తెలిసిన ప్రవాహమల్లా ట్యాంకరు వెనకాల పైపులోంచి బిందెలోకి పడేదే. అట్లాంటివాడు రాళ్ళమీద తెల్లగా నురగలు కక్కుతా ఉరికే నీళ్ళలో పడవ నడిపే ఉద్యోగంలో చేరినాడు. చేరడమే కాదు, ఆ పనికి తనకంటే తగినవాడు మా ఆండర్సన్‌పేటలోనే లేడని నమ్మినాడు. (అదీ నిజమే. ఆండర్సన్‌పేటలో ఇంకెవరికీ అంత తిక్క లేదు.)

ఆ తిక్క వెనక ఒక కారణముంది. మా కేజీఎఫ్‌లో, అదే కోలారు బంగారు గనుల ఊళ్ళో, చదువు ముగించినవాడికి ఒకటే దారి: తెల్లారకముందే లేచి మారికుప్పం స్టేషన్లో బెంగుళూరు రైలెక్కేది, చీకటి పడినాక దిగేది. మా నాయన గనిలో, భూమి అడుగున పని చేసినవాడు. గని మూసేసినాక ఆటో కొనుక్కున్నాడు. తెల్లారుజామున ఆ రైలెక్కే జనాన్ని స్టేషనుకు తోలేది ఆయనే. చిన్నప్పుడు ఎప్పుడైనా ఆయన పక్కన కూర్చుని పోతే, వెనక సీట్లో ముగ్గురు నోళ్ళు తెరుచుకుని ఒకరిమీద ఒకరు వాలి నిద్రపోతా కనిపించేవాళ్ళు. ఒళ్ళో టిఫిను డబ్బా, మెళ్ళో కంపెనీ కార్డు. వాళ్ళను చూసి నేనొక ఒట్టు పెట్టుకున్నాను. ఏమైనా కానీ, నేను ఊళ్ళోనే పని చేస్తాను, సూర్యుడు లేచినాకే లేస్తాను, మధ్యాన్నం సంగటి ఇంట్లోనే తింటాను. డిగ్రీ చేతికొచ్చినాక ఆ ఒట్టును నిలబెట్టుకునే మార్గం వెతుక్కుంటా ఏడాది పాటు మా వీధి టీ అంగట్లో కూర్చున్నాను.

అప్పుడొచ్చినాడు జేబులాయన. అసలు పేరు వేరే ఉంది గానీ ఆయన ప్యాంటుకు ముందర, వెనక, మోకాళ్ళకాడ, చీలమండలకాడ కూడా జేబులుండేవి. బెంగుళూరు మనిషి. కామసముద్రం వైపు, మా అవ్వ (అమ్మకు అమ్మ) ఉండే పల్లె చెరువు పక్కన నాలుగు గుడారాలు వేసి, చెట్టుకూ చెట్టుకూ తాళ్ళు కట్టి, రంగురంగుల ప్లాస్టిక్ పడవలు తెచ్చి పెట్టినాడు. శని, ఆదివారాలు బెంగుళూరునుంచి జనం వచ్చి ఆ తాళ్ళమీద వేలాడి, సెల్ఫీలు తీసుకుని, చికెన్ తిని పోతారు. పడవలకు ఒక మనిషి కావాలంటే నేను పోయినాను. ఆయన కన్నడలోకి కొంత ఇంగ్లీషు కలిపి, ఏమైనా ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగినాడు. నేను ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు, అది గుర్తుపెట్టుకోండి. "చిన్నప్పటినుంచీ సైనైడ్ దిబ్బల మీదనుంచి కిందికి దిగతా ఉండాను సార్," అన్నాను.

మా ఊరు తెలియనివాళ్ళకు చెప్పాల. సైనైడు కలిపి బంగారం తీసినాక మిగిలిన రాతిపిండిని గనివాళ్ళు పోసి పోసి మా ఊరి చుట్టూ కొండలు చేసి పెట్టినారు. అవే సైనైడ్ దిబ్బలు. వాటిమీద ఆడుకోవద్దని ప్రతి తల్లీ చెప్తుంది, ప్రతి పిల్లోడూ ఆడతాడు. మేము నీళ్ళ డ్రమ్మును నిలువునా కోసి, అందులో కాళ్ళు చాపుకుని కూర్చుని, విరిగిన పార కట్టెను తెడ్డుగా పట్టుకుని దిబ్బ పైనుంచి జారేవాళ్ళం. వానకు కోసుకుపోయిన గండ్లలో కుడికీ ఎడమకూ తిప్పుకుంటా, దుమ్ము లేపుకుంటా కింద తుమ్మచెట్టు దాకా వచ్చేది. ఆ తిప్పడంలో నాకు పేరుండేది. (ఆ బట్టల్ని మా అమ్మ వేరే బకెట్లో ఉతికేది. ఉతికేటప్పుడు నన్నూ కొంచెం ఉతికేది.) ఇదంతా విని జేబులాయన "సూపర్," అన్నాడు. పడవ ఉంది, తెడ్డుంది, వాలుంది, మలుపులున్నాయి. నీళ్ళు ఒక్కటే తక్కువ. కోలారు జిల్లాలో అదొక లోపమని మా ఇద్దరికీ తోచలేదు.

ఇంగ మా నాయన సంగతి. గనిలోకి దిగే ఇనప పంజరాన్ని కేజు అంటారు. అది కిందికి పడతా ఉంటే పట్టుకున్న కమ్మీని వదలకూడదు. కాలు జారినా, దీపం ఆరినా, పక్కవాడు కేక పెట్టినా చెయ్యి మాత్రం వదలకూడదు. వదిలినవాళ్ళ కథలు ఆయన చెప్పేవాడు కాదు, ఆ నియమం ఒక్కటే చెప్పేవాడు. గని మూతపడినా ఆ నియమం మా ఇంట్లో మూతపడలేదు. బస్సెక్కితే "పట్టుకో, వదలొద్దు." ఉయ్యాలెక్కితే "పట్టుకో, వదలొద్దు." బడిలో చేర్చిన రోజు టీచరమ్మ ముందరే బెంచీ చూపించి అదే మాటన్నాడు. సాయంత్రం దాకా నేను ఆ బెంచీని పట్టుకునే ఉన్నానని, ఒంటికి పోవడానికి కూడా లేవలేదని మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకు చెప్తుంది.

పని చాలా సుఖంగా ఉండేది. చెరువులో నీళ్ళు గేదె పొట్టకు తగిలేంత. పిల్లల్ని పడవలో కూర్చోబెట్టి ముందునుంచి తాడు పట్టుకుని నేను నీళ్ళలో నడిచేవాణ్ణి. ఒక్కొక్కచోట పడవ అడుగు బురదకు తగిలితే దాన్ని తోసేవాణ్ణి. మధ్యాన్నం అవ్వ ఇంటికి పోయి సంగటి తినేవాణ్ణి. అవ్వ నా తెడ్డును చూసి, "ఇంత పెద్ద తెడ్డుతో ఎంతమందికి సంగటి కెలకతావప్పా," అనేది. జేబులాయన మొదట్లోనే ఒక సంగతి నేర్పించినాడు. పడవలో కూర్చున్నాక నీళ్ళు లోపలికి రాకుండా నడుముకు రబ్బరు పావడా లాంటిది కట్టుకుని దాని అంచును పడవలో కూర్చునే కంతకు బిగిస్తారు. పడవ బోల్తా పడితే మనిషి తలకిందులుగా నీళ్ళలో వేలాడతాడు. అప్పుడు తెడ్డు వదిలేసి, పావడా ముందరుండే పట్టీని రెండు చేతులా లాగితే మనిషి ఊడి బయటికొస్తాడు. "తెడ్డు వదలాల, పట్టీ లాగాల," అని చెప్పించినాడు. నేనూ చెప్పినాను. గేదె పొట్టంత నీళ్ళలో బోల్తా పడేదెవరు?

ఆ ఏడాది వానలు మా జిల్లాను వేరే జిల్లా అనుకున్నాయి. పట్టిన పట్టు విడవకుండా కురిసినాయి. బూదికోట వైపు కుంటలు తెగినాయి, రాగి పొలాల్లో మోకాటి లోతు నీళ్ళు నిలిచినాయి, చివరికి మా అవ్వ పల్లె చెరువు నిండి మొరవ పారింది. చెరువు నిండితే మిగులు నీళ్ళు పొర్లి పోయేదానికి కట్టిన రాతిమెట్లే మొరవ. నా పుట్టుకలో ఆ మెట్లమీద మేకలు పడుకోవడమే చూసినాను. ఇప్పుడు వాటిమీదనుంచి నీళ్ళు తెల్లగా దూకి, కింద బండల మధ్య సుళ్ళు తిరిగి, వంకలోకి ఉరుకుతా ఉన్నాయి. పల్లెలో ముసలివాళ్ళు ఏడ్చినారు, సంతోషానికి. జేబులాయన అన్ని జేబుల్లోనూ ఫోను కోసం వెతుక్కుని, వీడియో తీసి, "వైట్ వాటర్ ఇన్ కోలార్," అని పెట్టినాడు. ఆదివారం మొరవ మీదనుంచి మన ఎక్స్‌పర్ట్ దూకి చూపిస్తాడు, తర్వాత మీరూ దూకొచ్చు అని రాసినాడు. ఆ ఎక్స్‌పర్ట్ ఎవరా అని నేనూ ఆసక్తిగా చదివినాను. తీరా చూస్తే కింద నా ఫోటో ఉంది.

"భయంగా ఉందా?" అని అడిగినాడు. ఉంది. కానీ కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఎక్స్‌పర్ట్ కానివాడికి ఎక్స్‌పర్ట్ ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే మా నాయన ఆటోలో వెనక సీటు, తెరుచుకున్న నోళ్ళలో నాలుగో నోరు. "దిబ్బకంటే ఎత్తా సార్ ఇది?" అన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి ఆదివారం దాకా టైముండింది. తీసుకోలేదు.

అదే ఆదివారం పల్లెవాళ్ళు గంగమ్మకు పూజ పెట్టుకున్నారు. చెరువు మొరవ పారితే ఆడవాళ్ళు చేటలో పసుపూ కుంకుమా గాజులూ రవికె గుడ్డా పెట్టి, పైన ఇంకో చేట మూసి నీళ్ళలోకి వదలాల. మా అమ్మ పెళ్ళయినాక మా నాయనతో చర్చికి వస్తా ఉంది గానీ గంగమ్మతో మాటలు మానుకోలేదు. ఆమె కూడా ఒక చేట సర్దుకుని ఆటోలో వచ్చింది. మా నాయన తన పాత గని హెల్మెట్టు తీసుకొచ్చి నా తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించినాడు. జేబులాయన ఇచ్చినదాన్ని పక్కన పెట్టేసినాడు. ఆయనకు నీళ్ళంటే భయం. గనిలో నీళ్ళు వచ్చినాయంటే ఎవరో ఒకరు ఇంటికి రారని లెక్క. మొరవను ఎంతసేపో చూసి, ఇంకేమీ తోచక, అలవాటైన మాటే అన్నాడు. "గట్టిగా పట్టుకోరా. ఏమైనా కానీ, వదలొద్దు."

ఒక పక్క పల్లెంతా, డప్పులతో. ఇంకో పక్క బెంగుళూరు జనం, ఫోన్లతో. నేను పావడా బిగించుకుని చెరువులో పడవను తిప్పుకుంటా మొరవ అంచుకు వచ్చినాను. ఆ పొద్దు ఎండలో, చేతిలో తెడ్డుతో, ఇంతమంది నన్నే చూస్తా ఉంటే, నిజం చెప్తాను, నాకు భయం పోయింది. పుట్టింది దీనికే అనిపించింది. పడవ ముక్కు అంచు దాటి కిందికి వంగింది. దిబ్బమీద అయితే ఇక్కడ ఎడమకు ఒరిగి మలుపు తీసుకోవాల. తీసుకున్నాను. మట్టి ఒరిగినవాణ్ణి మోస్తుంది. నీళ్ళకు ఆ మర్యాద లేదు. రెండో మెట్టు కూడా చూడకుండానే ఆకాశం కిందికి, గంగమ్మ పైకి వచ్చేసినారు.

తలకిందులుగా నీళ్ళలో ఉంటే ఎట్లుంటుందో చెప్పాలని ఉంది గానీ అప్పుడు నాకు కనిపించింది చాయ రంగు ఒక్కటే. ముక్కులోకి చెరువు వచ్చింది. హెల్మెట్టుకు రాళ్ళు టకటకా తగిలినాయి. పడవ రెండు బండల మధ్య ఇరుక్కుని, అడుగు పైకి పెట్టుకుని నిలిచిపోయింది. తెడ్డు వదలాల, పట్టీ లాగాల అన్న పాఠం గుర్తుకు రాలేదని కాదు, వచ్చింది. కానీ దానికంటే ఇరవై ఏళ్ళ ముందు నేర్చిన పాఠం చేతుల్లో ఉండింది. భయం ఎంత పెరిగితే అంత గట్టిగా పట్టుకున్నాను. తెడ్డును రెండు చేతులా గుండెకు అదుముకుని, ఏమైనా కానీ వదలకుండా, మునిగిపోతా ఉన్నాను. (అమ్మ చెప్పింది: అదే సమయానికి ఆడవాళ్ళు వదిలిన చేటలు ఒకటెనక ఒకటి మొరవ దూకి, గాజు కూడా తొణక్కుండా నా పక్కనుంచి పోయినాయట. నేర్పించినవాళ్ళు ఎవరూ లేరు వాటికి.)

బెంగుళూరు జనం చప్పట్లు కొట్టినారు. ఇది కూడా చూపించేదాంట్లో భాగమే, ఇప్పుడు గిర్రున తిరిగి లేస్తాడు అనుకున్నారు. జేబులాయనా అట్లనే అనుకున్నాడు. మా నాయన ఒక్కడే అనుకోలేదు. చెప్పులతోనే నీళ్ళలోకి దిగినాడు. ఈత రాదు, జన్మలో మోకాళ్ళకు మించి తడవలేదు. పల్లెవాడొకడు ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకున్నాడు. నీళ్ళు నడుముకాడికే ఉన్నాయి గానీ ఆ విసురుకు నిలబడలేక రెండుసార్లు పడి లేచి పడవ దగ్గరికి వచ్చినాడు. పడవను తిప్పాలని చూస్తే నా తెడ్డు రెండు రాళ్ళకు అడ్డం పడి తిరగనీయలేదు. చెయ్యి లోపల పెట్టి నా వేళ్ళు విప్పాలని చూసినాడు. నాకు అక్కడ తెలిసింది ఒకటే: ఎవడో నా తెడ్డు లాక్కుంటున్నాడు. తెడ్డు పోతే ఉద్యోగం పోతుంది. ఇంకా బిగించినాను. "వదలరా," అని ఆయన అరిచినాడట. "వదలరా, నా బంగారూ, వదలరా." గట్టున ఉన్నవాళ్ళందరికీ వినబడింది, నాకు తప్ప. చివరికి ఆయన ఊపిరి బిగబట్టుకుని, తల నీళ్ళలో ముంచి, నా బొటనవేలిని కొరికినాడు.

వదిలినాను. పడవ తిరిగింది. పైకొచ్చి, చెరువు కక్కుకుని, ఊపిరి అందినాక నేనన్న మొదటి మాట, "నాయనా, తెడ్డు యాడ?" మా నాయన బండమీద కూర్చుని వణకతా ఉన్నాడు. నన్ను కొడతాడనుకున్నాను. నా తల పట్టుకుని తన కడుపుకేసి అదుముకున్నాడు. "వదలొద్దని గనికి చెప్తిని రా," అన్నాడు. "నీళ్ళకు యాడ చెప్తిని?" ఏడుస్తా ఉన్నాడు. నేనూ ఏడ్చినాను. ఇద్దరమూ తడిసి ఉన్నాము గనక ఎవరికీ తెలియలేదు.

జేబులాయన పరుగెత్తుకొచ్చి నా చెయ్యి ఊపినాడు. జనానికి చాలా నచ్చిందట. ముఖ్యంగా తండ్రి వచ్చి కాపాడే ఘట్టం. "నెక్స్ట్ సండే కూడా ఇట్లనే. మీ ఫాదర్‌నూ కరకొండు బా," అని ఆయన్నూ పిలుచుకుని రమ్మన్నాడు. ఆయన ముఖంలో ఎక్కడా ఎకసెక్కం లేదు. నేను సరే అన్నాను. మా అమ్మ అక్కడే నిలబడి వినింది. ఇంటికి పోయినాక, "చస్తే చావు గానీ, నా చేట వదిలినచోట చావద్దు," అని, మా ఇద్దరితోనూ మాటలు మానేసింది. మా అమ్మకు అంతకంటే గట్టిగా వద్దని చెప్పడం రాదు.

నాయన వద్దనలేదు. మర్నాడు ఆటో పెట్టేసి వచ్చి, మంచం అంచున నన్ను వెల్లకిలా పడుకోబెట్టి తల కిందికి వేలాడదీసినాడు. నడుముకు మా అమ్మ పాత పావడా కట్టి, ముందర గుడ్డపీలికతో ఒక పట్టీ కుట్టినాడు. తెడ్డు బదులు చేతికి ఇల్లూడ్చే పొరక ఇచ్చినాడు. "బోల్తా," అంటాడు. నేను పొరక వదిలి పట్టీ లాగాల. వదల్లేకపోయినాను. నవ్వులాట కాదు, చెయ్యి విడవలేదు. బోల్తా అన్న మాట వినగానే పొరకను ఇంకా బిగించేవాణ్ణి. ఈనెలు విరిగినాయి. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, మాట్లాడనని పట్టింది గనక మాట్లాడకుండా, కొత్త పొరక తీసి దాచిపెట్టుకుని పోయింది.

"నాకూ రాదురా వదిలేది," అన్నాడు నాయన ఒక సాయంత్రం, మంచం పక్కన కింద కూర్చుని. "గని మూసినాక ఆర్నెల్లు, ఇంట్లో షిఫ్టుకు పోతాండానని చెప్పి, గేటుకాడికి పోయి నిలబడి వస్తిని. తాళం ఏసుండాది. అది కండ్లకు కనిపిస్తా ఉండాది. అయినా పోతిని." తలకిందులుగా చూస్తే ఆయన ముఖం నాకు కొత్తగా కనిపించింది, చిన్నపిల్లోడి ముఖం మాదిరి. "మళ్ళ ఎట్ల వదిలితివి?" అని అడిగినాను. "మీ అమ్మ ఒక పొద్దు నా ఎనకాలే వచ్చి చూసింది. ఇంటికి రా, అనింది. అంతే," అన్నాడు. నా చేతిలో పొరకను సరిచేసి, "బోల్తా," అన్నాడు మెల్లగా. పొరక కింద పడింది. పట్టీ నా చేతిలోకి వచ్చింది. వంటింట్లోంచి మా అమ్మ, "కాఫీ తాగతారా," అని అడిగింది.

ఆదివారం పొద్దున్నే నాయనా నేనూ హెల్మెట్టు తీసుకుని పోయినాము. నేను వదలగలను. నాకు అప్పుడు ఎంత ధైర్యంగా ఉండిందంటే, బోల్తా పడాలని ఆత్రంగా ఉండింది. మొరవ దగ్గరికి పోయి చూస్తే చప్పుడు లేదు. వానలు నిలిచిపోయి, చెరువు జానెడు దిగింది. జానెడు దిగితే చాలు, మొరవ మళ్ళీ ఉత్త రాయి. మెట్లమీద మా అవ్వ తడిసిన రాగి వెన్నులు ఆరబోసుకుని కాకుల్ని తోలుకుంటా ఉంది. బెంగుళూరు జనం రెండు కార్లలో వచ్చి నిలబడి ఆ వెన్నులను ఫోటో తీసుకుంటున్నారు. జేబులాయన అన్ని జేబుల్లో చేతులు పెట్టుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. మా నాయన హెల్మెట్టు చేతిలో పట్టుకుని ఆ మెట్లను చూసి చూసి, నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక అవ్వ పక్కన కూలబడినాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంత కష్టపడి వదలడం నేర్చుకుంటే, వదిలేదానికి చోటు లేకపోయింది కదా అని కొత్త తెడ్డు పట్టుకుని నిలబడినాను. "యాలప్పా అట్లున్నావు," అనింది అవ్వ. "ఉత్తగా నిలబడేదానికి బదులు కాకుల్ని తోలు." తెడ్డుతో తోలినాను.

ఎండాకాలానికి చెరువు గేదె మోకాలు దాకా వచ్చింది. జేబులాయన గుడారాలు ఎత్తేసి, పడవల్ని లారీకి కట్టుకుని నీళ్ళున్న ఊళ్ళకు పోయినాడు. నన్నూ రమ్మన్నాడు. రానని చెప్పడానికి నేను టైము తీసుకోలేదు. అట్ల నా ఒట్టు పోయింది. ఇప్పుడు నేను తెల్లారకముందే లేస్తాను. మెళ్ళో కార్డు, ఒళ్ళో డబ్బా. మా నాయన ఆటోలో స్టేషను దాకా నోరు తెరుచుకుని నిద్రపోతాను. పక్కనున్నవాళ్ళు చెప్పినారు, నా నోరే అందరికంటే పెద్దగా తెరుచుకుంటుందట.

స్టేషన్లో దింపి, నాయన రోజూ అదే మాటంటాడు. "గట్టిగా పట్టుకో." ఆ వారం తర్వాత దానికి ఇంకో ముక్క చేర్చినాడు. "దిగాల్సిన స్టేషనొస్తే వదులు." రైల్లో కూర్చునే చోటు ఎన్నడూ దొరకదు. తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని బెంగుళూరు దాకా నిలబడతాను. ఇప్పటికీ ఒక్కొక్క పొద్దు, స్టేషనొచ్చి రైలు నిలిచినా నా చెయ్యి కమ్మీని వదలదు. వెనకున్నవాళ్ళు తోసుకుంటా, "దిగప్పా, దిగు," అంటారు. అప్పుడు బొటనవేలి మీద మా నాయన పంటి గాటు చూసుకుని, నాలో నేను నవ్వుకుని, వదులుతాను.